గాలిమర మీది జెండా

ముల్లు మళ్లీ అక్కడే నిలబడింది.

బలరాం మీటరును వేలితో కొట్టి చూశాడు. అది ఎర్రగీత దాటి రానంది.

"ఎక్కుతలేదా?" గుమ్మంలోంచి అడిగింది తల్లి మోతీబాయి.

"ఎక్కితే చెప్పనా యాడీ? ఊకె అడగకు."

పొద్దుటి నుంచి వాడు చేయని పని లేదు. బ్యాటరీ మూతలు విప్పి నీళ్లు చూశాడు. తీగల కొసలు గరుకు కాగితంతో రుద్దాడు. కొత్త ఫ్యూజు వేశాడు. ఇంటి వెనక స్తంభం మీది గాలిమర మాత్రం నీరసంగా ఓ తిప్పు తిరిగి ఆగుతోంది, మళ్లీ ఓ తిప్పు తిరిగి ఆగుతోంది. చూసి చూసి వాడి ప్రాణం విసిగిపోయింది.

లోపల మంచం మీద తండ్రి బీక్యా దగ్గుతున్నాడు. భూపాలపల్లి బొగ్గుగనిలో పనిచేసి ఊపిరితిత్తుల నిండా దుమ్ము తెచ్చుకున్న మనిషి. మందును ఆవిరి చేసి మూతికి పట్టే మిషను ఉంటేనే ఆయనకు ఊపిరాడేది. మిషనుకేమో కరెంటు కావాలి. సకల జనుల సమ్మెకు గనులు ఆగిపోయాక, నర్మెట్ట దగ్గర గుట్ట మీదున్న ఆ తండాకు కరెంటు చుట్టపుచూపుగా వస్తోంది. ఇక దిక్కల్లా ఆ గాలిమరా, దాని బ్యాటరీయే.

"ఈ కరెంటోళ్ల..." అని బలరాం తిట్టబోతే బీక్యానే ఆపాడు.

"తిట్టకు కొడుకా. బొగ్గు ఆగాలె. ఆగితెనే ఢిల్లీకి ఇనవడ్తది."

ఆ రెండు మాటలకే ఆయనకు ఆయాసం ముంచుకొచ్చింది.

అప్పుడొచ్చాడు ఓ పెద్దాయన. తెల్లచొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతిలో గుడ్డసంచి.

"కాసిని మంచినీళ్లు ఇస్తారా అమ్మా? బస్సుల్లేవు గదా, నడిచొస్తున్నాను. నర్మెట్టకు ఈ అడ్డదారి పోతుందాండీ?"

మోతీబాయి చెంబు అందించింది. బలరాం మొహం ముడుచుకుంది. ఆ 'అండీ' చెవిన పడగానే, సినిమాల్లో తమ మాటను ఎక్కిరించి నవ్వించిన వాళ్లంతా వాడికి గుర్తొచ్చారు.

పెద్దాయన నీళ్లు తాగి గాలిమర వైపు చూశాడు.

"చార్జింగ్ ఎక్కట్లేదా బాబూ?"

"నీకెందుకు?"

"గుట్ట కింద నుంచి చూస్తూ వచ్చాను. గాలేమో తూర్పు నుంచి వీస్తోంది. అదేమో పడమటికే మొహం పెట్టుకుని ఉంది. ఆ జెండా దించితే..."

"ఏందీ?"

సమ్మె మొదలైన రోజు బలరామే ఎక్కి కట్టిన తెలంగాణ జెండా అది. గాలి మారి గాలిమర మొహం తిప్పినప్పుడల్లా దాంతోపాటు జెండా కూడా ఇంటి వెనక్కి పోతే ఎట్లా? రోడ్డున పోయేవాళ్లకు ఎప్పుడూ కనబడాలి గదా! అందుకని జెండా కర్రను గాలిమర తోకకూ స్తంభానికీ కలిపి తీగతో బిగించేశాడు. తండా అంతా చప్పట్లు కొట్టింది. అప్పుడు గాలి పడమటిది. ఆ తర్వాత గాలి మారిన సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

"దించమంటే తీసేయమని కాదు బాబూ. ఆ తీగ విప్పి, జెండాను వేరే కర్రకు..." అంటూ పెద్దాయన స్తంభానికి ఆనించి ఉన్న నిచ్చెన మీద చెయ్యి వేశాడు. "నువ్వు అలిసిపోయినట్టున్నావు. నేనెక్కి విప్పుతాను."

బలరాంకు ఒళ్లు మండిపోయింది. ఆయన జబ్బ పట్టి లాగాడు. ముసలాయన తూలి కింద కూలబడ్డాడు.

"మా ఇంట్ల నిలవడి మా జెండనే దించుమంటవా? నడువ్! వచ్చిన తొవ్వనే పో. ఈ దిక్కు మల్ల కనవడకు!"

"పెద్దమనిషిరా, గట్లనకు!" మోతీబాయి అడ్డం వచ్చింది.

ఆయన లేచి మట్టి దులుపుకున్నాడు.

"లోపలాయన్ని జాగ్రత్తగా చూసుకో బాబూ," అని మాత్రం చెప్పి, వచ్చిన దారినే దిగిపోయాడు.

సాయంత్రానికి మిషను ఆగిపోయింది.

బీక్యా కళ్లు తేలేశాడు. ఆటోలో వేసుకుని జనగామ దవాఖానకు పరుగు. దారిలో సమ్మెవాళ్లు రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. వాళ్లు రాళ్లు జరిపి దారిచ్చేదాకా బలరాం తండ్రి తల ఒళ్లో పెట్టుకుని సేవాలాల్‌కు మొక్కుతూనే ఉన్నాడు.

ప్రాణం దక్కింది. "ఇంకొంచెం ఆలస్యమైతే..." అని డాక్టరు మాట మధ్యలోనే మింగేశాడు.

మర్నాడు బలరాం ఇంటికొచ్చి నిచ్చెనెక్కాడు. తీగ విప్పాడు. గాలిమర కిర్రుమని తూర్పుకు తిరిగింది. రెక్కలు జోరందుకున్నాయి.

"ముల్లు లేచిందిరా!" కింద నుంచి మోతీబాయి అరిచింది.

వాడికి సంతోషం కలగలేదు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

నర్మెట్టకు దారి అడిగిన ఆ పెద్దాయన కాళ్లు పట్టుకోవాలని అక్కడి దీక్షా శిబిరానికి పోయాడు. ఉద్యమ కమిటీ పనులు చూసే శ్రీపాల్ అక్కడ ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"అన్నా, నిన్న తెల్లంగి ఏసుకున్న పెద్దమనిషి, ఆంధ్ర మాట మాట్లాడెటాయన, ఇటు వచ్చిండా?"

శ్రీపాల్ దిగ్గున లేచాడు. "నీకు కనవడ్డడా? నిన్న మాపటిదాంక ఆయన కోసమే చూసి పరేషాన్ అయినం! మన అమరవీరుల స్థూపం ముసుగు తీసేది ఆయననే. ఇయ్యాల ఫోన్ జేస్తే, నాకు ఒంట్ల బాగలేదు, మీరే కానియ్యిండ్రి అన్నడు."



"మన స్థూపానికి... ఆంధ్రాయననా అన్నా?"

"అవ్ తమ్మీ, ఆయన పుట్టుడు బందరు దిక్కే, నౌకరికి జనగామ వచ్చి ఈడనే ఉండిపోయిండు," అన్నాడు శ్రీపాల్. "ఆ స్థూపం మీద మనం పేరు చెక్కిచ్చిన పిల్లగాడు ఆయన కొడుకే."