ప్లూమ్ బాబాయ్ చివరి షాట్

మూత తీయగానే శవపేటికలో నిజమైన శవం కనిపించింది.

ముసలావిడ. తెల్లటి బట్టలు. జోడించిన చేతుల మధ్య తామరమొగ్గ. సెట్ సామాను చూసుకునే ప్రదిత్ మూత వదిలేసి వెనక్కి పడ్డాడు.

దర్శకురాలు విపావీ చూపు శవం మీద లేదు. ఆ పెట్టెలో ఉండాల్సింది సనాన్. వాడేడి?

పదకొండేళ్లుగా సనాన్ అంటే థాయ్‌లాండ్ అంతటికీ ప్లూమ్ బాబాయ్. లావుపాటి మనిషి, వెన్నలాంటి మనసు, మట్టిబుర్ర. సీరియల్‌లో ఎవరికి కష్టమొచ్చినా సాయానికి పరిగెత్తుతాడు. ప్రతిసారీ తప్పు ఇంటికే వెళ్తాడు. రెండుసార్లు గబగబా, కాస్త ఆగి ఒకసారి తలుపు తడతాడు. టక్‌టక్... టక్. "నేనే! తప్పు ఇల్లు కాదు కదా?" అంటాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు.

ఈమధ్య నవ్వడం తగ్గించారు. ఛానల్ వాళ్లు ముగించెయ్యమన్నారు. బాబాయ్ చావు సన్నివేశం విపావీ తన చేత్తోనే రాసింది. రాసిన రోజు నుంచి ఆ తలుపు చప్పుడు ఆమె చెవిలో మోగుతూనే ఉంది.

ఇవాళ ఈ గుడిలో అంత్యక్రియల షూటింగు. నిన్న రిహార్సల్లో సనాన్ పెట్టెలోనే గుర్రుపెట్టి నిద్రపోయాడు. "మెత్తగా ఉందక్కా, లేపకండి," అన్నాడు కూడా.

"వెనకగదిలో ఇలాంటి పెట్టె ఇంకోటి ఉంది కదా?" అంది విపావీ. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

ప్రదిత్ మొహంలో రంగు దిగిపోయింది. "ఉందక్కా. దిక్కులేని వాళ్ల కోసం గుడికి దానమిచ్చే పెట్టెలే రెండూ. దాతల పేర్ల చీటీలు కూడా ఒకేలా అంటించి ఉంటాయి. మనదీ అందులోంచే తెచ్చాను. పక్కపక్కన, తోపుడుబళ్ల మీద..."

ఇద్దరి చూపూ కొబ్బరిచెట్ల మీదుగా పైకి వెళ్లింది. శవదహనశాల గొట్టం నుంచి పొగ వస్తోంది.

విపావీ చెప్పులు జారిపోతున్నా ఆగకుండా పరిగెత్తింది.

కాటికాపరి ప్లేక్ తాత మెట్ల మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"తాతా, కొలిమి తెరువు! లోపల మనిషున్నాడు!"

"మనుషులే ఉంటారు తల్లీ. పందుల్ని వేస్తామా?" అని నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగాడు. "లోపలున్నది సైబువా అవ్వ. గుడి గేటు దగ్గర పూలు గుచ్చేదే, ఆవిడ. నా అనేవాళ్లు లేరు. భిక్షువు ఒక్కరే వచ్చి నాలుగు ముక్కలు చదివి వెళ్లారు."

"అవ్వ మా సెట్లో ఉంది తాతా!" అని అరిచాడు ప్రదిత్, వెనక నుంచి రొప్పుతూ.

ముసలాయన నోట్లోంచి చుట్ట రాలిపడింది.

"అదా సంగతి..." అన్నాడు. "ఎండిపోయిన ముసల్ది, ఇంత బరువేంట్రా అనుకున్నాను. ఇద్దరం ఎత్తలేక ఇంకో ఇద్దర్ని పిలిచాం."

"ఇంకా?" అంది విపావీ.

"లోపలికి తోసే ముందు, వెళ్లిరా అమ్మా అని పెట్టె మీద తట్టాను. ఆనవాయితీ కదా. తట్టాక..." తాత తల దించుకున్నాడు. "లోపలి నుంచి తిరిగి తట్టింది. చెక్క చిట్లిందేమోలే అనుకున్నాను తల్లీ. దణ్ణం పెట్టి తలుపు వేసేశాను."

"ఎలా తట్టింది?"

ముసలాయన వేళ్లతో మెట్టు మీద కొట్టి చూపించాడు.

టక్‌టక్... టక్.

విపావీ కూలబడిపోయింది. కొలిమి రగిలి గంట దాటింది. ఇక తెరిచినా లాభం లేదని తాత చెప్పక్కర్లేకుండానే ఆమెకు అర్థమైంది. కాగితం మీద చంపమన్నారు, చంపింది. ఆ నవ్వించే పిచ్చిమారాజు నిజంగానే నిద్రలో, చీకట్లో, తప్పు పెట్టెలో...

"అక్కా! సెట్ వదిలేసి అందరూ ఇక్కడున్నారేంటి?"

గేటు దగ్గర మోటారుసైకిలు ఆపి సనాన్ దిగుతున్నాడు. చంకలో ఫ్రేము కట్టించిన ఫోటో. సైబువా అవ్వ బోసినవ్వు.

విపావీ లేచి వెళ్లి చెంప పగలగొట్టింది. ఆ వెంటనే వాణ్ణి పట్టుకుని ఏడ్చింది. సనాన్ చెంప తడుముకున్నాడు. చూపు నేల మీద పెట్టి, దొరికిపోయిన పిల్లాడిలా నిలబడ్డాడు.

"మూత తీసేశారన్నమాట. మొదటి షాట్ మూసే తీస్తారనుకున్నానక్కా. మొన్న లొకేషన్ చూడ్డానికొచ్చినప్పుడు ఈ అవ్వ నా చెయ్యి పట్టుకుని, నువ్వు పోతే నన్నెవడు నవ్విస్తాడ్రా అంది. పొద్దున వచ్చేసరికి ఆవిడే పోయింది. ఏడ్చేవాళ్లు ఒక్కరూ లేరు. మనకేమో నలుగురు భిక్షువులు, రాశులు రాశులుగా పూలు, ఏడవడానికి డెబ్బై మంది. అంతా లేని చావుకి! ఆ ఏడుపేదో ఆవిడకి దక్కితే పోయేదేముందని పెట్టెలు మార్చేశాను. బళ్లు అటుదిటు, ఇటుదటు తోశాను, అంతే. ఈ ఫోటో కూడా అక్కడ పెడదామని పరిగెత్తాను."

ప్లేక్ తాత కొలిమి తలుపు వైపు చూస్తున్నాడు.

సనాన్ అందరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఫోటోని గుండెకు హత్తుకున్నాడు.

"తప్పు నాదేనక్కా, ఒప్పుకుంటున్నాను, కానీ ఎవరికీ అన్యాయం జరగకూడదని మూత తీసి లోపల తడిమి మరీ చూశాను, తాతకి వదిలింది ఉత్త ఖాళీ పెట్టె!"