మోచేతి అతుకు

"బైబిలు ముద్దాడి ప్రమాణం చేసే నోటికి నరకమంటే భయముండాలయ్యా!" పాదిరి క్రేన్ బల్ల గుద్దాడు. "దేవుడే లేడనేవాణ్ణి సాక్షిబోను ఎక్కిస్తే, రేపు మన మెడలకి దిక్కెవరు?"

రాజ్యాంగసభలో సగంమంది తలలూపారు. నది మీది పొగమంచు కిటికీల దాకా వచ్చి నిలబడింది. ఏ మతంవాడైనా, ఏ మతమూ లేనివాడైనా సాక్ష్యం చెప్పొచ్చన్న ఒక్క వాక్యం దగ్గర కొత్త రాష్ట్రం బండి దిగబడిపోయింది.

అందరూ గిడియన్ థేయర్ వైపు చూశారు. చూడరా మరి? ఆ వాక్యం నెగ్గితే ఉరికొయ్య ఎక్కేది అతని సొంత అన్న అసా.

పడవరేవు నడిపే డాబ్స్‌ని ఎవరో గొడ్డలితో నరికారు. తెల్లవారుజాము మంచులో, పారిపోతున్నవాణ్ణి చూసింది ఒక్కడే, బూట్లు కుట్టే లోథర్. "మొహం చూడలేదు, కోటు చూశాను. మోచేతికి ఆ తోలు అతుకు నా చేత్తో వేసిందే. అది అసా థేయర్ కోటు" అన్నాడు. అసా తరఫు లాయరు నలుగురు తాగుబోతుల్ని పట్టుకొచ్చి, ఈ లోథర్ దేవుడూ లేడు నరకమూ లేదంటాడని చెప్పించాడు. అంతే, లోథర్ నోరు మూయించి, కొత్త రాజ్యాంగం వచ్చేదాకా జడ్జి కేసు ఆపాడు. మనిషి చచ్చాడు, చూసినవాడున్నాడు, అయినా వినం. అదీ మన భక్తి!

సభకి వచ్చేముందు, ఆ పొద్దునే గిడియన్ జైలుకి వెళ్లొచ్చాడు.

"తమ్ముడూ, ఒక్క ఓటురా. వద్దని వెయ్యి, చాలు." అసా ఊచలు పట్టుకున్నాడు. "ఆ రోజు తాగి మనింట్లోనే పడున్నాను. లేచేసరికి కోటు కొక్కేనికే ఉంది. నువ్వన్నా చెప్పొచ్చు కదరా!"

"నేను నిద్రలో ఉన్నాను, నిన్ను చూడలేదు అని బైబిలు ముద్దాడి చెప్పానన్నా. ఇప్పుడు మాట ఎలా మార్చను?"

"నీ నిజాయితీ తగలెయ్యా!" అసా ఏడుస్తూనే నవ్వాడు. "డాబ్స్ రేవు నీకే వచ్చిందటగా. నా శవాన్నైనా ఊరికే దాటిస్తావా?"

బయట షెరీఫ్ బెల్ పొగాకు నములుతున్నాడు. "లోథర్‌ని చెప్పనివ్వకపోతే మీ అన్నని వదిలెయ్యాల్సిందే, గిడియన్ గారూ. అప్పుడు మళ్లీ రేవు దగ్గర మొదలెడతా. గడపగడపా తిరుగుతా."

"తిరగాలి మరి" అన్నాడు గిడియన్.

ఇప్పుడు సభలో లేచి నిలబడ్డాడు.

"నేను చర్చి పెద్దని. అయినా అడుగుతా. లోథర్ ‘నమ్ముతాను’ అని ఒక్క అబద్ధమాడితే బోనెక్కేవాడు. ఆడలేదు, అందుకే గుమ్మం బయటున్నాడు. అబద్ధాలకోరు మాత్రం బైబిలు ముద్దాడి దర్జాగా లోపలికెళ్తాడు. ఇదా మీ న్యాయం?"

"మీ అన్న మెడ, గిడియన్!" వెనకనుంచి ఎవరో అరిచారు.

"మా అన్నైనా సరే."

ఒక్క ఓటు తేడాతో వాక్యం నెగ్గింది. ఓడిన పాదిరి క్రేన్ తనే వచ్చి అతన్ని కావలించుకున్నాడు. "కొడుకుని బలిపీఠం మీద పెట్టిన అబ్రహామువయ్యా నువ్వు!" కళ్లు తుడుచుకున్నాడు.

మెట్ల దగ్గర లోథర్ టోపీ చేత పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మన్నించండయ్యా. మీ అన్న అని తెలిసినా చెప్పక తప్పదు. కానీ చూసిందే చెప్తాను. ఒక్క ముక్క ఎక్కువ చెప్పను."

"ఎక్కువ అక్కర్లేదు లోథర్. చూసిందే చెప్పు."

గిడియన్ మంచులోకి దిగి రేవు వైపు నడిచాడు. చలికి అలవాటుగా మోచెయ్యి తడుముకున్నాడు. చటుక్కున చెయ్యి తీసేశాడు.

ఆ తెల్లవారుజామున అన్న కోటు తొడుక్కున్నది తనే.