రెండు పక్కలా చుక్కలే

ఇలా దగ్గరికి జరగండర్రా, చెవులు ఇటు పెట్టండి. ఇది మొత్తం ఒక్క బల్ల దగ్గర జరిగిపోయిన కథ.

ఆ బల్లకి ఒక పక్క అంధుల బడిలో లైబ్రరీ చూసుకునే ఆవిడ కూర్చుంది. ఆవిడకి పుట్టుకతోనే చూపు లేదు. ఎదురుగా గైడు రాసిన అమ్మాయి. ఆ అమ్మాయి వెనకాల, సాఫ్ట్‌వేర్ తయారుచేసిన సారు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

ఆ సాఫ్ట్‌వేర్ పనేమిటంటే, మామూలు అక్షరాల్లో ఉన్న పాఠాన్ని వేళ్ళతో తడిమి చదువుకునే చుక్కలుగా, అదే బ్రెయిలీగా, మార్చడం. అది బాగానే మారుస్తుంది. కానీ ఎలా వాడాలో సారు రాసిన పాత గైడు చదివితే, మనిషి ఎందుకొచ్చాడో కూడా మర్చిపోతాడు. అందుకే ఆ అమ్మాయి కొత్తవాళ్ళకి అర్థమయ్యేలా దాన్ని తిరగరాసింది. ఓసారి చూసి ఉంచమని సాఫ్ట్‌వేరూ గైడూ బడికి ముందే పంపారు. ఇవాళ పరీక్ష. పక్కనుంచి ఎవరూ చెప్పకుండా, గైడు ఒక్కటే పట్టుకుని ఈవిడ ఒక పాఠం తయారు చేయగలిగితే బడి ఆ సాఫ్ట్‌వేర్ ఉంచుకుంటుంది, పిల్లల చేతికి ఈ ఏడాదే పుస్తకాలొస్తాయి. లేదంటే అదీ లేదు, ఇవీ లేవు.

ఆవిడ సంచిలోంచి బ్రెయిలీ కాగితాల కట్ట తీసి గైడు చదవడం మొదలుపెట్టింది. ఆ కట్ట చూసి సారుకి కాస్త ప్రాణం కుదుటపడింది. పర్లేదు, అమ్మాయి ముందుచూపుతో గైడు బ్రెయిలీలో కూడా వేయించి పంపింది అనుకున్నాడు.

వేళ్ళు జరిగాయి. ఆగాయి. వెనక్కి వచ్చాయి. మళ్ళీ అక్కడే ఆగాయి.

సారు పెన్ను మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు, తీస్తున్నాడు.

"ఆ టకటక ఆపు నాయనా, దాని వేళ్ళకి అడ్డం," అంది మూలన కూర్చున్న ముసలావిడ. లైబ్రరీ ఆవిడకి అత్తగారు. కోడలికి తోడొచ్చి, ఇచ్చిన టీ బాగాలేదని అప్పటికే చెప్పేసింది.

"వేళ్ళకి కాదు అత్తయ్యా, చెవులకి," అంది కోడలు. తర్వాత తల ఎత్తి, "అమ్మాయ్, ఈ పేజీ పనికిరాదు," అంది.

"ఏ పేజీ అండీ?"

"ఉదాహరణ ఉంది చూడు, అది. 'ఈ మాట ఇస్తే ఇలా మారి వస్తుంది' అని రాశావు. ఇచ్చిందీ ఇదే, వచ్చిందీ ఇదే! మరి ఇందులో మారిందేంటమ్మా?"

అమ్మాయి గబగబా కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిచి చూసుకుంది. "ఎడమ పక్క అక్షరాలున్నాయండీ, కుడి పక్క చుక్కలున్నాయి. స్పష్టంగా ఉందే!"

"మీ కళ్ళకి స్పష్టమే. నా వేలికి రెండు పక్కలా చుక్కలే."

అమ్మాయి ఆ పేజీని మళ్ళీ చూసుకుంది. నిజమే మరి. కుడి పక్కవి ముందునుంచీ చుక్కలే. గైడంతా బ్రెయిలీలోకి మారేసరికి ఎడమ పక్క అక్షరాలు కూడా చుక్కలైపోయాయి. చూపున్నవాళ్ళకి మాత్రమే తేడా తెలిసే ఉదాహరణ తీసుకొచ్చి, చూపులేనివాళ్ళ గైడులో పెట్టి కూర్చుంది.

"నే చెప్పలా? సులువు చేస్తా, సులువు చేస్తా అని కొంప ముంచావు!" సారు ఎగిరిపడ్డాడు. "పాఠం తయారవడం దేవుడెరుగు, రెండో పేజీలోనే బండి ఆగిపోయింది. నా పాత గైడే నయం."

"మీ గైడు మొదటి పేజీలోనే నిద్రపుచ్చేది సార్."

"నిద్ర సంగతి తర్వాత. ముందు బడికి ఏం చెప్పమంటావు?"

అమ్మాయికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తప్పు నాదే సార్. ఒప్పుకుంటాను. కానీ బ్రెయిలీలో వేయించేటప్పుడు మీరైనా ఓసారి చూసుకోవాల్సింది కదా!"

"నేను వేయించడమేంటి? వేయించింది నువ్వు కదా?"

"నేనెక్కడ వేయించాను సార్? నేను పంపింది మామూలు అక్షరాల్లోనే!"

ఇద్దరూ ఒక్కసారే ఆ కాగితాల కట్ట వైపు చూశారు. ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప గదిలో ఇంకేం వినపడలేదు.

"దానికి మీరిద్దరూ కొట్టుకోవడమెందుకర్రా?" అంది అత్తగారు, టీ గ్లాసు పక్కన పెడుతూ. "నిన్న బళ్ళో నేను మీ గైడు ఉన్నదున్నట్టు పైకి చదువుతుంటే, మా కోడలే విని, మీ సాఫ్ట్‌వేర్‌తోనే ఆ కట్టంతా అచ్చేసుకుంది! ఇంకా పరీక్షేంటి?"

ఇది గుర్తుంచుకుని మీరూ నలుగురికీ చెప్పండర్రా. చెప్పేటప్పుడు మాత్రం, ఆ ఫ్యాను చప్పుడు దగ్గర కాసేపు ఆగండి.