మూడో నకలు

శశిరేఖకు మూడు నకళ్లున్నాయి. ఒకటి ఆఫీసు పని చేస్తుంది, ఒకటి ఇంటి వ్యవహారాలు చూస్తుంది, మూడోది కూతురు హంసినిని చదివిస్తుంది. కాకినాడలో అప్పటికి అందరిళ్లలోనూ అంతే. గోడమీది తెరలో అచ్చం తమలాంటి మనిషే కనిపించి, తమ గొంతుతోనే మాట్లాడేది. అయితే ఒకదానికి తెలిసింది ఇంకోదానికి తెలియక ఇబ్బందిగా ఉండేది. అందుకని అన్నిటికీ, తనకూ కలిపి ఒకే జ్ఞాపకాల నిల్వ పెట్టించుకోవాలనుకుంది శశిరేఖ.

టెక్నీషియన్ ప్రభుదాసు వచ్చి రెండింటిని కలిపాడు. మూడోది ఒప్పుకోలేదు.

"అమ్మకి చెప్పొద్దని పిల్ల నా దగ్గర మాట తీసుకుంది," అంది తెరలోంచి.

"నేనేగా దాని అమ్మని!"

"అందుకే చెప్పను."

శశిరేఖకు కాలు నిలవలేదు. కొన్నాళ్లుగా హంసిని సరిగ్గా తినడం లేదు, అడిగితే విసుక్కుంటోంది.

"బలవంతంగా కలిపెయ్యొచ్చండి మేడమ్, క్షణంలో పని," అన్నాడు ప్రభుదాసు.

ఆమె వంటగదిలోకి వెళ్లి స్టవ్ వెలిగించింది, ఆర్పేసింది, మళ్లీ హాల్లోకి వచ్చింది. తెరలో తన ముఖమే తనకేసి జంకకుండా చూస్తోంది.

"దాన్నలా వదిలెయ్యండి," అని చెప్పి, వెళ్లి కూతురి గది తలుపు తట్టింది.

హంసిని తలుపు తీసి తల్లి ముఖం చూడగానే బెదిరిపోయింది.

"చెప్పేసిందా?"

"లేదమ్మా. ఎంతడిగినా చెప్పలేదు. నువ్వూ చెప్పక్కర్లేదు. కాసేపు నీ దగ్గర కూర్చుంటాను."

హంసిని మంచం మీద జరిగి చోటిచ్చింది. చాలాసేపటికి తల్లి భుజం మీద తల ఆనించింది.

"బడికెళ్లాలంటే భయమేస్తోందమ్మా," అంది.