గొడ్డలి ముట్టుకోకు

"ఆ గొడ్డలి అక్కడ పెట్టు. నువ్వు వచ్చింది చదువుకోవడానికి" అన్నాడు కలెర్వో తాతయ్య.

సైమి గొడ్డలి దించలేదు. "ఈ ఒక్క దుంగా చీల్చి వచ్చేస్తాను తాతయ్యా. కాస్త ఒళ్ళు వేడెక్కితే బుర్ర పనిచేస్తుంది."

"లోపల పొయ్యి ఉంది. ఒళ్ళు అక్కడా వేడెక్కుతుంది. బుర్ర సంగతి నాకు తెలీదు."

అప్పటికి ఆమె 'ఈ ఒక్క దుంగా' అనడం మొదలుపెట్టి గంట దాటింది.

మార్చిలో స్కూలు చివరి పరీక్షలు. వాటికి ముందు ఇచ్చే చదువు సెలవులో ఫిన్లండ్ పిల్లలంతా పుస్తకాల మీద పడి ఉంటే, సైమి మాత్రం ఊపు కోసం ఎదురుచూస్తోంది. ఊపంటూ వస్తే లెక్కల పుస్తకాన్ని నమిలి మింగేస్తానని ఆమెకు గట్టి నమ్మకం. హెల్సింకిలో అది రాలేదు. ఊపు తెచ్చుకోవడం ఎలాగో చెప్పే వీడియోలు కళ్ళు మంటలెత్తేదాకా చూసినా రాలేదు. చివరికి వాళ్ళమ్మ మెర్యా ఫోన్ లాక్కుని, "మీ తాతయ్య దగ్గరికి పో. అక్కడ సిగ్నల్ ఉండదు. నేనూ అక్కడే చదివాను" అంది.

ఆ మాట అంటున్నప్పుడు అమ్మ చూపు అద్దాల బీరువాలోని తన తెల్ల టోపీ మీద ఉంది. పరీక్షలు గట్టెక్కినవాళ్ళు పెట్టుకునే టోపీ అది. లెక్కలు పోతే సైమికి అది లేదు. వేసవి మొదట్లో తోటివాళ్ళంతా తెల్ల టోపీలతో ఫొటోలు దిగుతుంటే తాను ఉత్త తలతో ఓ పక్కన నిలబడడం తలుచుకుంటే ఆమెకు నిజంగానే నిద్ర పట్టేది కాదు. అలాగని చదువూ వచ్చేది కాదు.

తాతయ్య ఆమెను ఎంతో శ్రద్ధగా చూసుకున్నాడు. వెలుతురు బాగుంటుందని బల్లను కిటికీ దగ్గర వేశాడు. ఆ కిటికీలోంచి చీల్చని దుంగల గుట్ట, మంచు పేరుకుపోయిన కొట్టం కప్పు కూడా బాగా కనిపించేవి. కాఫీ, దాల్చినచెక్క రొట్టె తెచ్చి ముందు పెట్టి, "అటు చూడకు. ఆ మంచు నేనే దింపుకుంటాను. నడుం పట్టేసిందనుకో, అయినా మెల్లగా పాక్కుంటూ ఎక్కి దింపుకుంటాను. నువ్వు కదలకు" అనేవాడు.

సైమి కదలకుండా సమీకరణం వైపు చూసేది. సమీకరణం ఆమె వైపు చూసేది. ఈ వయసులో ఈయన కప్పెక్కితే ఇంకేమైనా ఉందా అని జాలి పొంగుకొచ్చేది. ఆమె మనసు అంత మెత్తనిదని అంతకుముందు ఎవరికీ తెలీదు. పుస్తకం మాత్రం మూసేది కాదు, బోర్లించి వెళ్ళేది. మూస్తే చదువు ఆపినట్టవుతుంది కదా.

అలా కప్పు మీది మంచు దిగింది. దుంగలన్నీ చీలి, గోడ కట్టినట్టు వరసగా కూర్చున్నాయి. పొగగొట్టంలో మసి రాలింది. పాత చేపల వలకు చిక్కు వదిలింది. దుంగలతో కట్టిన ఆవిరిస్నానాల గది, సౌనాలో బెంచీలను సైమి సబ్బుతో తోమి తెల్లగా చేసింది. అలా తోముతూ, "ఎంత చక్కగా కట్టారు తాతయ్యా, ఈ దుంగల మధ్య చీమ కూడా దూరదు" అని మెచ్చుకుంటే, "ఆ చేతి పనితనం అలాంటిదిలే" అని ఊరుకున్నాడు తాతయ్య.

ప్రతి పనికీ ముందు ఆయన వద్దనేవాడు, గట్టిగానే వద్దనేవాడు. పని అయిపోయాక మాత్రం తిట్టడానికి నోరు వచ్చేది కాదు. ఓ నిట్టూర్పు విడిచి, పక్కనే మిగిలిపోయిన ఇంకో పనిని వేలితో చూపించి, "దాని జోలికి మాత్రం వెళ్ళకు" అనేవాడు.

సెలవు ముగిసేసరికి సైమి అరచేతులు కాయలు కాశాయి. లెక్కల పుస్తకం మాత్రం కొన్ననాటి కన్నెతనంతో నిగనిగలాడుతోంది. బస్సెక్కుతూ, "తాతయ్యా, ఇప్పుడు వచ్చింది ఊపు" అంది.

"దారిలో పారేసుకోకు" అన్నాడు ఆయన.

మే నెలలో ఫలితాలు వచ్చాయి. లెక్కలు పోయాయి. అమ్మ అరుస్తుందనుకుంటే, బీరువా అద్దం తుడుస్తూ నిలబడింది. స్కూల్లో టోపీలు పెట్టుకునే రోజున సైమి ఊళ్ళో ఉండలేక తాతయ్య దగ్గరికి పారిపోయి వచ్చింది. సౌనా అరుగు మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన ఆమె ఏడుపు తగ్గేదాకా ఆగి, వేడి సాసేజ్ ఒకటి చేతిలో పెట్టాడు.

"సెప్టెంబరులో మళ్ళీ రాయొచ్చులేవే. ఆగస్టంతా ఇక్కడే ఉండి చదువుకో. పడవకు తారు పూయాల్సి ఉంది గానీ, నువ్వు ముట్టుకున్నావంటే ఊరుకోను."

సైమి చేతిలో సాసేజ్ నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. తాతయ్యను ఎగాదిగా చూసింది.

"అమ్మ కూడా ఇక్కడే చదివిందట. నిజమేనా?"

"చదవకేం?" అంటూ తాతయ్య సౌనా గోడను ఆప్యాయంగా నిమిరాడు. "మొదటిసారి తప్పినప్పుడు ఈ సౌనా కట్టింది. రెండోసారి తప్పినప్పుడు అదిగో, ఆ పడవల రేవు. మూడోసారికి నా దగ్గర దుంగలు అయిపోయాయి, పాసైంది."