పాత ప్రమాదం రికార్డు

కోచబాంబ నగరంలో కొత్త ఇంజనీర్లకు, ప్రమాదం జరిగితే కరెంటు లైనును ఆపే డిజిటల్ రిలేల పాఠాలు చెప్పే నిల్దా, ఎప్పటిలాగే మొదటి రోజున ఒక పాత ప్రమాదం రికార్డును తెర మీద పెట్టింది. ఒక లైన్‌మన్‌కు కరెంటు తగిలింది. సెకనులో ఐదో వంతులో లైనును ఆపాల్సిన రిలే, రెండు సెకన్లకు ఆపింది. అతను బతకలేదు.

"కారణం కనిపెట్టండి. తొందరేం లేదు," అంది.

పది నిమిషాలకే యోవానీ చెయ్యెత్తాడు.

"ఇంత సులువుదిచ్చారేంటి మేడమ్? రిలే సెట్టింగులో సున్నా పాయింటు రెండు సెకన్లని కొట్టాల్సింది, రెండని కొట్టారు. ఏ మొద్దు కొట్టాడో గానీ!"

క్లాసంతా నవ్వింది.

"లైనును తెంపే బ్రేకరు ఇరుక్కుందేమో చూడు. వైరింగులో లోపముందేమో."

"లేదు మేడమ్, అవన్నీ బాగానే ఉన్నాయి."

"ఇంకోసారి చూడు నాయనా."

చూశాడు. "తప్పు అక్కడే ఉంది మేడమ్. ఇంతకీ కొట్టిందెవరు?"

"నేనే. పోయినవాడు మా తమ్ముడు." నిల్దా తెర వైపే చూస్తోంది. "తొమ్మిదేళ్ళుగా ప్రతి బ్యాచికీ ఇదే ఇస్తున్నాను. ఒక్కరైనా వేరే కారణం చెబుతారేమోనని."

యోవానీ తెర దగ్గరికి వెళ్ళాడు. రికార్డును మళ్ళీ మొదటి నుంచి తీసి, సాయంత్రం దాకా వెతికాడు.

వేరే కారణమేదీ దొరకలేదు.