పై అంచున మసక

ఇందుమూలంగా సమస్త జనులకూ తెలియజేయునది ఏమనగా, కిటికీ తెరల రంగు దగ్గర పేచీ వచ్చి మా అక్కా బావా మాటలు మానేశారు. ఇద్దరి మధ్యా కబుర్లు మోసి మోసి నా నాలుక అరిగిపోయింది.

చీకటి పడగానే ఇద్దర్నీ బీచికి లాక్కెళ్ళాను. చందమామ అప్పుడే నీళ్ళలోంచి లేస్తున్నాడు.

"ఇవాళ మసక గ్రహణం. కళ్ళకి ఆనీ ఆననట్టుంటుంది, జాగ్రత్తగా చూడండి," అన్నాను.

"పై అంచు మసకేసిందని చెప్పరా మీ బావకి," అంది అక్క.

"కింద అంచని చెప్పవోయ్ మీ అక్కకి," అన్నాడు బావ.

"ముందా కళ్ళజోడు తుడుచుకోండి!" అంటూ అక్క నేరుగా ఆయన మీదే విరుచుకుపడింది. తనే లాక్కుని, కొంగుతో తుడిచి పెట్టింది.

బావ చాలాసేపు చూశాడు. "అవునే, పైనే," అన్నాడు.

నన్నక్కడే వదిలేసి ఇద్దరూ కబుర్లాడుకుంటూ ఇసుకలో నడిచిపోయారు.

గ్రహణం మాట నిజమే, కాకపోతే అది నిన్ననే వచ్చి పోయింది. ఇవాళ అన్నది అచ్చంగా నా కల్పన.